పాత ల్యాప్‌టాప్: వేడి, వేగం, నిలకడ



ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో కొన్ని నెలలుగా ఒకే ఫిర్యాదు రకరకాల మాటలలో కనిపిస్తున్నది. గుంటూరు ప్రాంతం నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరాన్నే తీసుకొందాం. వారింట్లో ఉన్నది ఒకే ఒక పాత ల్యాప్‌టాప్. పెద్దమ్మాయి దానిమీదనే ఉపాధ్యాయ నియామక పరీక్షకు చదువుకొంటున్నది. చిన్నవాడు దానిమీదనే వీడియో పాఠాలు వింటున్నాడు. మధ్యాహ్నం వేళ పాఠం నడుస్తుండగా యంత్రం మొదట నత్తనడక నడుస్తుంది, ఆ తరువాత ఉన్నట్టుండి ఆరిపోతుంది. మొన్న అమ్మాయి మూడు గంటలు కూర్చొని టైపు చేసుకొన్న నోట్సు అలాగే పోయింది. మరమ్మతు దుకాణంలో చూపిస్తే, మూత కూడా తెరవకుండానే "మదర్‌బోర్డు అయిపోయింది, కొత్తది తీసుకోండమ్మా" అన్నారట. చేతిలో ఉన్నది పిల్లవాడి ఫీజు డబ్బు. వడ్డీ వాయిదాలకు మనసు ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు అని ఆమె ప్రశ్న.

మూత తెరవని తీర్పును నేను తీర్పుగా లెక్కించను. ఇటువంటి యంత్రాలలో చాలావాటికి వచ్చే జబ్బు బోర్డుది కాదు. ప్రాసెసర్‌కు వేడి, విద్యుత్తు, విశ్రాంతి అనే మూడింటి మధ్య కుదరవలసిన పొత్తు చెడడమే అసలు కారణం. దానిని అర్థం చేసుకొంటే సగం మరమ్మతు ఇంట్లోనే జరుగుతుంది.

మన ఇళ్ళలోకి వచ్చే పాత ల్యాప్‌టాప్‌లలో అధికభాగం ఒకప్పుడు పెద్ద కార్యాలయాలలో పనిచేసినవే. అక్కడ గడువు తీరగానే గుత్తగా అమ్ముడై, సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల, జిల్లా కేంద్రాల చిన్న దుకాణాలలో మళ్ళీ అమ్మకానికి వస్తాయి. 2011లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ5-2520ఎం అనే ప్రాసెసర్‌ను ఉదాహరణగా పెట్టుకొందాం. ఎన్నో మన్నికైన ల్యాప్‌టాప్‌లలో ఇదే ఉంటుంది. దాని మామూలు వేగం 2.5 గిగాహెర్ట్జ్. అవసరం పడినప్పుడు కొంతసేపు 3.2 వరకు పరుగెత్తగలదు, దీనినే టర్బో అంటారు. పని లేనప్పుడు 0.8కి దిగివస్తుంది. దాని వేడిని 35 వాట్ల లెక్కన బయటికి పంపేలా ఫ్యాను, రాగి గొట్టం అమర్చి ఉంటాయి. లోపలి వేడి 100 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే అది తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. అప్పటికీ వేడి పెరుగుతూ పోతే, కాలిపోకుండా ఉండేందుకు విద్యుత్తును తెంచుకొంటుంది. ఆ సోదరి చెప్పిన "నత్తనడక, ఆపై ఆరిపోవడం" అచ్చంగా ఈ రెండు మెట్లే.

ప్రాసెసర్ తినే విద్యుత్తుకు ఒక లెక్క ఉన్నది. అది వేగంతో పాటు పెరుగుతుంది. వోల్టేజీ విషయంలో మాత్రం వర్గం చొప్పున పెరుగుతుంది, అనగా వోల్టేజీ రెట్టింపైతే ఖర్చు నాలుగింతలవుతుంది. ఎక్కువ వేగానికి ఎక్కువ వోల్టేజీ కావాలి గనుక, వేగం పెంచిన ప్రతిసారీ రెండు వైపుల నుండీ భారం పడుతుంది. ఇంటెల్ సంస్థ 2000 జనవరిలో ల్యాప్‌టాప్‌ల కోసం స్పీడ్‌స్టెప్ అనే ఏర్పాటును తెచ్చింది. అప్పటి పెంటియం 3 ప్రాసెసర్ ఛార్జర్‌పై ఉన్నప్పుడు 650 మెగాహెర్ట్జ్‌తో, 1.6 వోల్టులతో నడిచేది. ఛార్జర్ తీసివేయగానే 500 మెగాహెర్ట్జ్‌కు, 1.35 వోల్టులకు దిగేది. లెక్క వేసి చూడండి: వేగం తగ్గినది 23 శాతం, విద్యుత్తు ఖర్చు తగ్గినది సుమారు 45 శాతం. పావువంతు కంటే తక్కువ వేగాన్ని వదులుకొంటే దాదాపు సగం వేడి పోయింది. నేటి యంత్రాలు ఈ మెట్లను సెకనుకు ఎన్నోసార్లు ఎక్కి దిగుతుంటాయి. సూత్రం మాత్రం అదే.

అయితే ఇంతటితో ఆగితే సగమే తెలిసినట్లు. వేగం తగ్గించడం వేరు, విశ్రమించడం వేరు. ప్రాసెసర్‌కు చేయవలసిన పని లేనప్పుడు అది నిద్రలోకి జారుకొంటుంది. ఈ నిద్రకు మెట్లు ఉన్నాయి. వాటిని సి1, సి3, సి6 అని పిలుస్తారు. సి1 కునికిపాటు వంటిది, పిలిస్తే వెంటనే లేస్తుంది. సి6 గాఢనిద్ర. అందులో ప్రాసెసర్ తన లెక్కలన్నింటినీ పక్కన భద్రపరచుకొని, ఆ భాగానికి వచ్చే విద్యుత్తును దాదాపు పూర్తిగా ఆపివేస్తుంది. మా మదరసాలో పాఠం గబగబా అప్పజెప్పి హాయిగా నిద్రపోయే పిల్లవాడూ ఉంటాడు, రాత్రంతా పుస్తకం ముందు గొణుగుతూ కూర్చొనేవాడూ ఉంటాడు. ఇద్దరిలో అలసిపోయేది ఎవరో ఉపాధ్యాయులకు తెలుసు. ప్రాసెసర్ సంగతీ చాలా పనులలో అంతే. పనిని మామూలు వేగంతో ముగించి నిద్రపోనివ్వడం మేలు. "కరెంటు ఆదా అవుతుంది" అని గరిష్ఠ వేగాన్ని 50 శాతానికి కట్టివేసేవారు పొదుపు చేస్తున్నామనుకొంటారు. పని రెట్టింపు సమయం సాగుతుంది, అంతసేపూ తెర, డిస్కు, ఫ్యాను మేలుకొనే ఉంటాయి.

కరెంటు బిల్లు మాట కూడా ఇక్కడే తేల్చివేద్దాం. ఈ సెట్టింగులన్నీ మార్చి మనం 10 వాట్లు ఆదా చేశామే అనుకోండి. రోజుకు 6 గంటల చొప్పున నెలకు అది 1.8 యూనిట్లు. 75 వాట్ల పాత సీలింగు ఫ్యాను రోజుకు 8 గంటలు తిరిగితే నెలకు 18 యూనిట్లు అవుతుంది. బిల్లు కోసమైతే ల్యాప్‌టాప్ జోలికి పోవడం కంటే ఫ్యాను సంగతి చూసుకోవడం మంచిది. ల్యాప్‌టాప్‌లో విద్యుత్తు పొదుపు వలన కలిగే అసలు లాభాలు రెండే: వేడి తగ్గుతుంది, కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మరికొంతసేపు నిలుస్తుంది.

ఇక జబ్బును గుర్తించే విధానం. యంత్రం ఆగిపోయింది అనడం సరిపోదు, ఎప్పుడు ఆగిపోయిందో వ్రాసి పెట్టుకోవాలి. ఒక కాగితం మీద వారం రోజులపాటు తేదీ, సమయం, అప్పుడు చేస్తున్న పని, ఛార్జర్ ఉన్నదా లేదా అన్నవి వ్రాయండి. బరువైన పని చేస్తుండగా, అందులోనూ పగటిపూట ఆగిపోతుంటే వేడిని అనుమానించాలి. ఎవరూ ముట్టుకోకుండా ఊరకే ఉన్నప్పుడు తెర బిగుసుకొనిపోతుంటే నిద్ర మెట్లను అనుమానించాలి. ఛార్జర్ తీయగానే, బ్యాటరీ ఇంకా 30 శాతం చూపిస్తుండగానే ఆరిపోతుంటే బ్యాటరీలోని ఏదో ఒక సెల్లు బలహీనపడినట్లు. వేళాపాళా లేకుండా, ఒకసారి ఇలా ఒకసారి అలా జరుగుతుంటే ర్యామ్‌నో డిస్కునో పరీక్షించాలి. విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో "కెర్నెల్ పవర్ 41" అనే ఎర్ర గుర్తును చూపించి, పవర్ విభాగం పోయిందని చెప్పే మెకానిక్కులు ఉన్నారు. ఆ సంఖ్యకు అర్థం యంత్రం సక్రమంగా మూతపడకుండా మళ్ళీ మొదలైనదని మాత్రమే. కారణం ఏమిటో అది చెప్పదు.

వేడి విషయం కొంత వివరంగా చెప్పక తప్పదు, ఎందుచేతనంటే మన ప్రాంతంలో అత్యధిక ఫిర్యాదులకు మూలం ఇదే. గదిలో గాలి ఎంత వేడిగా ఉంటే ప్రాసెసర్ వేడి దాదాపు అంత మేరకు పైకి జరుగుతుంది. 25 డిగ్రీల గదిలో 80 డిగ్రీలతో నిబ్బరంగా నడిచే యంత్రం, మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో 42 డిగ్రీల గదిలో కూర్చొంటే 97కు చేరుతుంది. ఇక దానిని పరుపు మీదనో బొంత మీదనో పెట్టి పిల్లలు బోర్లా పడుకొని చూస్తుంటే, అడుగున గాలి పీల్చే రంధ్రాలు మూసుకొంటాయి. మిగిలిన మూడు డిగ్రీలకు ఎంతసేపు పడుతుంది? గట్టి పీట గానీ చెక్క పలక గానీ అడుగున పెట్టండి, వెనుకవైపు రెండు అంగుళాలు ఎత్తండి. దీనికి పైసా ఖర్చు లేదు.

తరువాతి మెట్టు శుభ్రపరచడం. ఫ్యానుకూ, వేడిని బయటికి వదిలే సన్నని లోహపు రేకులకూ మధ్య సంవత్సరాల తరబడి దుమ్ము, దూది నూగు చేరి కంబళిలాగా అట్ట కడుతుంది. బయటి నుండి ఊదితే ఆ అట్ట కదలదు, పైగా లోపలికే పోవచ్చు. మూత తెరిపించి, ఫ్యాను రెక్కలు తిరగకుండా వ్రేలితో పట్టుకొని మెత్తని కుంచెతో తీయాలి. బ్లోయరు పెట్టి ఫ్యానును గిర్రున తిప్పితే దాని బేరింగు పాడవుతుంది. ప్రాసెసర్‌కూ రాగి పలకకూ నడుమ ఉండే థర్మల్ పేస్టు పదేళ్ళలో ఎండి సున్నపు పెచ్చులాగా మారుతుంది. పాతదానిని పూర్తిగా తుడిచి కందిగింజంత కొత్త పేస్టు పెట్టాలి. ఎక్కువ పెడితే ఎక్కువ చల్లబడుతుందన్నది భ్రమ. ఈ పనిని ఎదురుగా కూర్చొని చేయించుకోండి. దుకాణంలో వదిలి వస్తే పైపైన తుడిచి పంపినవారు లేకపోలేదు. ముందూ తరువాతా వేడి ఎంత ఉన్నదో హెచ్‌డబ్ల్యూఇన్ఫో గానీ కోర్ టెంప్ గానీ తెరిచి చూసి వ్రాసుకొంటే మాటలకు తావుండదు.

విండోస్‌లో మార్చవలసినవి కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ఉంటాయి. అక్కడ ఛేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, దానిలో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, చివరగా ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్. లోపల మూడు గీతలు కనిపిస్తాయి. మినిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 5 శాతం దగ్గరే ఉండనివ్వండి. వేగం వస్తుందని దానిని 100 చేసేవారున్నారు. ఊరకే ఉన్నప్పుడు కూడా పూర్తి వేగంతో నడిపించి వేడి కొనితెచ్చుకోవడమే అది. సిస్టమ్ కూలింగ్ పాలసీ యాక్టివ్‌గా ఉంటే మొదట ఫ్యాను వేగం పెరుగుతుంది, ఆ తరువాతే ప్రాసెసర్ నిదానిస్తుంది. ప్యాసివ్‌గా ఉంటే వరుస తలక్రిందులవుతుంది. మన ఎండలకు ఛార్జర్ మీద యాక్టివ్ తగినది. మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ దగ్గర 100కు బదులు 99 వ్రాయండి. ఒక్క శాతమే తగ్గించినట్లు కనిపిస్తుంది గానీ, ఆ ఒక్క శాతంతో టర్బో పూర్తిగా ఆగిపోతుంది. మన ఉదాహరణలోని ప్రాసెసర్ 3.2 దాకా పోకుండా 2.5 దగ్గర నిలుస్తుంది. అగ్రవేగంలో 22 శాతం పోతుంది, కానీ ఆ చివరి పరుగులోనే వోల్టేజీ అత్యధికంగా ఉంటుంది గనుక వేడి అంతకంటే బాగా దిగుతుంది. టైపింగుకు, పాఠాలకు ఆ లోటు తెలియనే తెలియదు. వేసవి నాలుగు నెలలు 99, చలికాలం 100 పెట్టుకొన్నా తప్పు లేదు. మార్పులు చేశాక షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ నొక్కండి. విండోస్ 8 నుండి ఫాస్ట్ స్టార్టప్ అనే పద్ధతి వలన షట్‌డౌన్ చేసినా లోపలి వ్యవస్థ పూర్తిగా మూతపడదు.

వీడియో పాఠాల సంగతి వేరుగా చెప్పాలి. 2011 నాటి యంత్రాలు హెచ్.264 అనే పద్ధతిలో ఉన్న వీడియోను గ్రాఫిక్స్ భాగంలో సునాయాసంగా విప్పగలవు. యూట్యూబు నేడు ఎక్కువగా పంపేది వీపీ9, ఏవీ1 అనే కొత్త పద్ధతులలో. వాటిని విప్పే సాధనం ఆ పాత చిప్పులలో లేదు. కాబట్టి ఆ భారమంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. పిల్లవాడు కదలకుండా పాఠం వింటున్నాడు, యంత్రం మాత్రం లోపల పరుగెత్తుతున్నది. వీడియో నాణ్యతను 480కి దించడం ఒక ఉపాయం. బ్రౌజరులో హెచ్264ఇఫై అనే చిన్న పొడిగింపును చేర్చుకొంటే పాత పద్ధతి వీడియోనే వస్తుంది. ఇది మరింత మంచి ఉపాయం. ఈ ఒక్క మార్పుతో ఫ్యాను హోరు తగ్గడాన్ని చెవులతోనే గమనించవచ్చు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. ఈ వయసు యంత్రాలకు విండోస్ 11 అధికారికంగా రాదు. అందుచేత చాలామంది లినక్స్ మింట్ వంటివి వేసుకొంటున్నారు. మంచిదే. కానీ అక్కడ ఒక పేరు మోసగిస్తుంది. వేగాన్ని నిర్ణయించే విధానాలను లినక్స్‌లో గవర్నర్లు అంటారు. పాత డ్రైవరులో పవర్‌సేవ్ అంటే ప్రాసెసర్‌ను అడుగు వేగానికి కట్టిపడవేయడం. ఎన్నో ఇంటెల్ యంత్రాలలో నడిచే ఇంటెల్ పీస్టేట్ డ్రైవరులో అదే పవర్‌సేవ్ అనే పేరుకు అర్థం పనిని బట్టి వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉండడం. పేరు చూసి బెదిరి దానిని పర్ఫార్మెన్స్‌కు మార్చి, వేడెక్కుతున్నదని మళ్ళీ వాపోవడం ఎందుకు? అలాగే టీఎల్‌పీని, పవర్ ప్రొఫైల్స్ డీమన్‌ను రెండింటినీ ఒకేసారి నడపరాదు. ఒక ఇంటికి ఇద్దరు పెత్తందార్లయితే ఏమవుతుందో అదే అవుతుంది.

ఊరకే ఉన్నప్పుడు బిగుసుకొనిపోయే జబ్బుకు లినక్స్‌లో ప్రసిద్ధమైన ఉదాహరణ బే ట్రయిల్ వంశపు ప్రాసెసర్లు. సెలెరాన్ ఎన్2840 వంటివి, చవక ల్యాప్‌టాప్‌లలో వచ్చినవి. గాఢనిద్ర మెట్లలోకి దిగినప్పుడు వీటిలో యంత్రం మళ్ళీ లేవకుండా నిలిచిపోవడం 2015 ప్రాంతం నుండి ఎందరో నమోదు చేశారు. ముందుగా కొత్త కెర్నెల్‌కు మారి చూడాలి. అప్పటికీ ఆగకపోతే, యంత్రం మొదలయ్యే వరుసలో గాఢనిద్రను నిషేధించి సి1 వరకే అనుమతించే ఇంటెల్ ఐడిల్ మ్యాక్స్ సీస్టేట్ అనే మాటను 1 విలువతో చేర్చాలి. దీనివలన బ్యాటరీ త్వరగా తరుగుతుంది. అయినా అమ్మాయి నోట్సు పోవడం కంటే అరగంట బ్యాటరీ పోవడం నయం. పొదుపుకూ నిలకడకూ మధ్య ఒకటి ఎంచుకోవలసి వస్తే నేను ఎల్లప్పుడూ నిలకడ వైపే ఉంటాను.

ఈ కారణం చేతనే, వోల్టేజీని చేత్తో తగ్గించే అండర్‌వోల్టింగును గృహస్థులకు నేను సూచించను. యువకులు దీనిని ఎంతో ఉత్సాహంతో చెబుతారు. వోల్టేజీ 10 శాతం తగ్గిస్తే ఖర్చు 19 శాతం తగ్గుతుందన్న లెక్క సరైనదే. కానీ హద్దు దాటితే యంత్రం కూలిపోవడమే కాదు, కొన్నిసార్లు నిశ్శబ్దంగా తప్పు లెక్క చేస్తుంది. 2019 డిసెంబరులో బర్మింగ్‌హామ్, ల్యూవెన్, గ్రాట్స్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ప్లండర్‌వోల్ట్ పేరుతో, వోల్టేజీని దించి ప్రాసెసర్ చేత కావాలని తప్పులు చేయించి రహస్యాలను రాబట్టవచ్చునని చూపించారు. ఆ తరువాత ఎన్నో యంత్రాలలో ఆ ద్వారాన్నే మూసివేశారు.

ఎప్పుడు చూసినా నత్తనడకే, వేడి కూడా లేదు అన్నప్పుడు ఛార్జర్‌ను చూడండి. కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లు తమ ఛార్జర్‌ను ఒక సన్నని పిన్ను ద్వారా గుర్తుపడతాయి. నకిలీది తగిలించినా, ఆ పిన్ను విరిగినా, తగినంత విద్యుత్తు అందదేమోనన్న భయంతో ప్రాసెసర్‌ను అడుగు వేగానికి దించివేస్తాయి, బ్యాటరీని ఛార్జి చేయవు. మొదలయ్యేటప్పుడు నల్లటి తెరపై ఈ సంగతి వ్రాసి చూపిస్తాయి కూడా, మనం చదవకుండా ఏదో ఒక మీట నొక్కేస్తాం. సరైన వాట్ల ఛార్జర్ తగిలిస్తే జబ్బు మాయమవుతుంది.

బ్యాటరీ స్థితి తెలుసుకొనేందుకు, విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్ అనే మాటకు సి, ఎఫ్, జి అక్షరాలు కలిపి, ఖాళీ వదిలి, వాలుగీతతో బ్యాటరీరిపోర్ట్ అని ఒకే మాటగా ఇంగ్లీషులో కొడితే నివేదిక వస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ పక్కన ఫుల్ ఛార్జ్ కెపాసిటీ సగానికి పడిపోయి ఉంటే దాని మీద ఆధారపడవద్దు. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగా పడకపోయినా మాత్రం ఇక ఆలోచన వద్దు. ఆ క్షణమే యంత్రాన్ని ఆపి, బ్యాటరీని తీయించివేయండి. దానిని గుచ్చడం గానీ చెత్తలో వేయడం గానీ చేయవద్దు, మంట పుడుతుంది. పాత బ్యాటరీలు తీసుకొనే దుకాణంలోనో, ఈ-వేస్ట్ సేకరించే చోటనో అప్పగించండి.

గుంటూరు సోదరికి నా సలహా వరుస ఇది. మొదట అమ్మాయి ఫైళ్ళన్నీ ఈ రోజే ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించండి. యంత్రాన్ని పరుపు మీద నుండి దించండి. 99 శాతం మార్పు, వీడియో మార్పు రెండూ చేయండి. తరువాత ఫ్యాను శుభ్రపరచడం, పేస్టు మార్చడం ఎదురుగా ఉండి చేయించండి. మీరు వ్రాసిన లక్షణాలను బట్టి చూస్తే ఇంతటితో సర్దుకొనే అవకాశమే ఎక్కువ. అప్పటికీ వేళకాని వేళ ఆగిపోతుంటే, మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత సాధనాన్ని వేరొక పెన్‌డ్రైవులో వేయించుకొని, ఇషా తరువాత మొదలుపెట్టి ఫజర్ వరకు నడవనివ్వండి. ఒక్క ఎర్ర గీత కనిపించినా ర్యామ్ చెడినట్లే. రెండు ర్యామ్‌లు ఉంటే ఒకదానిని తీసి మరొకదానితో మళ్ళీ పరీక్షించండి. చెడినది ఏదో తేలిపోతుంది, మంచి 4 జీబీతో అమ్మాయి పరీక్ష వరకు యంత్రం నడుస్తుంది.